బ్యానిష్డ్ గేమ్ కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకి: ఇల్లు కట్టే ముందు గాదె చూసుకోండి

మొన్న సంక్రాంతికి మా బాబాయ్ కొడుకు హైదరాబాద్ నుంచి గుంటూరు వచ్చినప్పుడు నా లాప్‌టాప్ చూసి, అన్నా దీంట్లో పెద్ద గేములు నడవవు గానీ బ్యానిష్డ్ అని ఒకటుంది, నీకు బాగా నచ్చుద్ది, ఆడి చూడు అన్నాడు. డిగ్రీలో కొన్న లాప్‌టాప్ అది, 4 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ కూడా లేదు. స్టీమ్, అంటే గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం, అందులో సేల్ పెట్టినప్పుడు యూపీఐ తో కట్టి కొనేశా. హార్డ్ డిస్క్ లో 250 ఎంబీ చోటుంటే చాలంట, నా ఫోన్ హాట్‌స్పాట్ మీదే టీ తాగి వచ్చేలోపు దిగిపోయింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా అయిదు ఊళ్ళు కట్టా, మూడు పోయినయ్, రెండు బతికినయ్. ఆ మూడు ఎందుకు పోయినయ్యో నాకు ఇప్పుడు బాగా తెలుసు, కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకి అది ముందే తెలిస్తే బాగుంటుందని ఇంత పొడుగ్గా రాస్తన్నా.

గేమ్ గురించి ముందు నాలుగు ముక్కలు. ఇది 2014 ఫిబ్రవరిలో వచ్చింది, షైనింగ్ రాక్ సాఫ్ట్‌వేర్ అని పేరుంటుంది గానీ దాని వెనక ఉన్న డెవలపర్ ల్యూక్ హోడోరోవిచ్ అనే ఒక్క మనిషే, ఇంత పని ఒక్కడు ఎట్లా చేశాడో అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కథ అంటూ పెద్దగా ఏమీ లేదు, ఎక్కడి నుంచో వెళ్ళగొట్టబడ్డ కొన్ని కుటుంబాలు, ఒక అడవి, ఒక ఏరు, కొండలు, వాళ్ళు తెచ్చుకున్న కొద్దిపాటి సామాను. ఇక్కడి నుంచి ఊరు మీరే చేయాలి. యుద్ధాలు లేవు, శత్రువులు లేరు, అసలు డబ్బే లేదు. ఒకటి కట్టాక ఇంకోటి తెరుచుకోవడాలు, లెవెల్స్ ఇట్లాంటివి కూడా లేవు, మొదటి రోజు నుంచే అన్ని బిల్డింగులూ మీ చేతిలో ఉంటయ్, దుంగలు, రాళ్ళు, ఇనుము, పని చేసే మనుషులు ఉంటే చాలు. మీ మీదికి వచ్చేవి రెండే, చలికాలం, ఆకలి.

నా మొదటి ఊరు సంగతి చెప్తా. ఈజీ పెట్టి మొదలుపెట్టా, ఆరు కుటుంబాలు, ఇళ్ళు కట్టేసి ఉంటయ్, విత్తనాలు, పశువులు కూడా ఇస్తారు. ఆహా ఇంకేం కావాలి అనుకున్నా. చెక్క ఇంటికి 16 దుంగలు, 8 రాళ్ళు చాలు, చవకే కదా అని ఏరు పొడుగునా వరసగా ఇళ్ళు కట్టుకుంటా పోయా. కట్టిన ప్రతి ఇంట్లోకి ఒక కుర్ర జంట పోవడం, ఏడాది తిరక్కుండానే పిల్లలు పుట్టడం, పైన జనాభా అంకె పెరుగుతుంటే భలే సంతోషంగా ఉండేది. పిల్లలు తింటారు గానీ పని చేయరు కదా, ఆ ముక్క నా బుర్రకి తట్టలా. ఒక్కో మనిషి ఏడాదికి 100 దాకా తిండి తింటాడు, అంటే 40 మంది ఉంటే 4,000 పండాలి, నా ఊళ్ళో పండుతోంది అందులో సగమే. మిగతాది బార్న్, అంటే గాదె, అందులో మొదట్లో ఇచ్చిన నిల్వలోంచి పోతోంది, అది తరుగుతున్నట్టు నేను చూడనే లేదు.

మూడో చలికాలం వచ్చింది. మంచు పడుతుంటే చూడటానికి బాగుంది, నేను స్పీడ్ 10 లో పెట్టి ఫోన్ చూసుకుంటున్నా. తలెత్తి చూసేసరికి స్క్రీన్ మూలన ఉన్న చిట్టా లో చనిపోయిన వాళ్ళ పేర్లు వరసగా వస్తన్నయ్. గబగబా పాజ్ చేసి, ఏటి చివర ఉన్న ఇంటి మీద క్లిక్ చేశా. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. ఇంట్లో కట్టెలు సున్నా. తండ్రి ఎక్కడున్నాడా అని వెతికితే ఊరి అవతలి చివరన ఉన్న స్టాక్‌పైల్, అంటే దుంగలు, రాళ్ళు, కట్టెలు పేర్చే చోటు, దాని దగ్గర ఉన్నాడు, మంచులో అంత దూరం నడిచి వెళ్ళాడు, అక్కడ కూడా కట్టెలు లేవు, ఉత్త చేతులతో తిరిగి వస్తన్నాడు. దోవలోనే పోయాడు. గేమే కదా అంటారు గానీ ఆ చిన్న బొమ్మ ఆగిపోయినప్పుడు నాకు కడుపులో ఏదోలా అయింది, నేను వాడికి అంత దూరంలో ఇల్లు కట్టించా, కట్టెలు కొట్టే చోటు ఎక్కడుందో కూడా ఆలోచించలా.

అప్పుడు మా నాన్నమ్మ వెనకాల మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఏందిరా అట్టా కూర్చున్నావ్ అంటే మొత్తం చెప్పా. ఆమెకి గేమ్ అంటే తెలీదు గానీ ఊరు అంటే తెలుసు కదా. గాదెలో గింజలు ఎన్ని ఉన్నయ్యో చూసుకోకుండా పెళ్ళిళ్ళు చేస్తా పోతే ఎట్టారా, మా అత్తగారు వానాకాలం రాకముందే అటక మీద పుల్లలు, పిడకలు పేర్చుకునేది, అది అయ్యాకే ఇంకో పని అంది. నిజం చెప్తున్నా, ఆ ఒక్క మాట గేమ్ లో ఉన్న ట్యుటోరియల్స్ అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. ట్యుటోరియల్స్ ఏ బటన్ ఎక్కడుందో చెప్తయ్, ముందు ఏది చేయాలో చెప్పవు.

మన ఇళ్ళల్లో వేసవిలో ఏడాది సరుకు వేసుకోవడం ఉంది చూశారా, అదే ఈ గేమ్. మా అమ్మ ఏప్రిల్ లో మిరపకాయలు తెప్పించి ఎండబెట్టి, తొడాలు తీసి కారం పట్టిస్తది, చింతపండు, కందిపప్పు, పసుపు, తర్వాత ఆవకాయ, ఇంట్లో ఎంతమంది, మధ్యలో వచ్చే చుట్టాలు ఎంతమంది అని లెక్కేసుకునే జాడీలు నింపుద్ది. ఎవ్వరూ కాగితం మీద రాసుకోరు, కానీ ఆ లెక్క తప్పదు. బ్యానిష్డ్ ఆడేటప్పుడు మీరు మా అమ్మలా ఆలోచిస్తే గెలుస్తారు, రియల్ ఎస్టేట్ వాళ్ళలా ఆలోచిస్తే ఊరు పోద్ది.

సరే ఇప్పుడు ఎట్లా మొదలుపెట్టాలో చెప్తా. మీడియం పెట్టుకోండి. ఈజీ లో అన్నీ కట్టేసి ఇస్తారు కాబట్టి ఏది ఎందుకుందో అర్థం కాదు, హార్డ్ లో నాలుగు కుటుంబాలు, ఒక బండి సామాను అంతే, విత్తనాలు కూడా ఉండవు, అది తర్వాత సంగతి. మీడియం లో అయిదు కుటుంబాలు, బార్న్ ఉంటది, విత్తనాలు ఉంటయ్, ఇళ్ళు మాత్రం మీరే కట్టుకోవాలి, నేర్చుకోవడానికి అదే సరైన చోటు. వాతావరణం మరీ కఠినమైనది వద్దు, కొండలు ఎక్కువున్న మ్యాప్ వద్దు, లోయలు ఉన్నది తీసుకోండి. డిజాస్టర్స్ మొదటిసారి ఆఫ్ చేసేయండి, సుడిగాలి వచ్చి ఊరు మధ్యలోంచి పోతే మీరు నేర్చుకునేది ఏమీ ఉండదు. ఇంకో మాట, ఈ గేమ్ లో నిప్పు, సుడిగాలి, జబ్బులు, పంటకి పురుగు ఇవన్నీ ఉన్నయ్ గానీ వరద లేదు, ఏటి గట్టు మీదే ఇళ్ళు కట్టినా ఏమీ కాదు. 2024 సెప్టెంబర్ లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా పిన్ని వాళ్ళు మూడు రోజులు పై అంతస్తులోనే ఉండిపోయారు, అది చూసిన నాకు గేమ్ లో గట్టు మీద ఇల్లు పెట్టాలంటే ఇప్పటికీ చెయ్యి రాదు, నాలుగు గళ్ళు లోపలికే పెడతా.

మొదలవ్వగానే పాజ్ నొక్కండి. గేమ్ వసంతం మొదట్లో మొదలవుద్ది, చలికాలానికి టైమ్ ఉన్నట్టే అనిపిస్తది గానీ ఉండదు. పాజ్ లో ఉండగానే బార్న్ చుట్టుపక్కల ఉన్న చెట్లు, రాళ్ళు, ఇనుము ఏరమని గీసేయండి. తర్వాత వుడ్‌కట్టర్, అంటే దుంగలు చీల్చి కట్టెలు చేసేవాడు, వాడి షెడ్ స్టాక్‌పైల్ కి ఆనుకుని పెట్టండి. ఆ తర్వాత ఇళ్ళు, అయిదు కుటుంబాలకి అయిదు చాలు, ఒక్కటి కూడా ఎక్కువ వద్దు, అవి కూడా వీటన్నిటికీ దగ్గర్లోనే. చలికాలం లోపు కప్పు లేకపోతే ఎంత తిండి ఉన్నా లాభం లేదు. ఏరు దగ్గరుంటే చేపలు పట్టే డాక్ ఒకటి, అది ఒడ్డు వంపులో నీళ్ళు ఎక్కువ కలిసేచోట పెడితే ఎక్కువ చేపలు పడతయ్.

తిండికి అందరూ ముందు పొలం వేస్తారు, నేనూ అదే చేశా, కానీ మొదటి ఏడాదిలో పొలం మీద ఆశ పెట్టుకోవద్దు. విత్తేది వసంతంలో, కోసేది శరదృతువులో, మంచు కాస్త ముందే పడిందంటే కోయని పంట అంతా పొలంలోనే పోద్ది. ఒక్కో పొలం 15 గళ్ళు పొడుగు 15 గళ్ళు వెడల్పు దాకా వేసుకోవచ్చు గానీ మొదట్లో అంత పెద్దది వేస్తే కోయడానికి మనుషులు చాలరు. చిన్నది వేయండి, చలి దగ్గర పడుతోందనిపిస్తే ముందే కోయమని చెప్పే బటన్ ఉంది, మొహమాటపడకుండా నొక్కండి. పండ్ల తోటలయితే కాపుకి రావడానికే ఏళ్ళు పట్టుద్ది, మన మామిడి తోటల లాగే.

అసలు తిండి అడవిలో ఉంది. ఈ గేమ్ లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తా. గ్యాదరర్ హట్ అని ఒక గుడిసె ఉంటది, అందులో పెట్టిన వాళ్ళు అడవిలో తిరిగి పళ్ళు, పుట్టగొడుగులు, ఉల్లి, దుంపలు ఏరుకొస్తారు. దాన్ని ఊరికి దూరంగా, చెట్లు బాగా దట్టంగా ఉన్న చోట పెట్టాలి, చుట్టూ గుండ్రంగా ఒక గీత కనపడుద్ది, ఆ గీతలోపల ఎంత అడవి ఉంటే అంత తిండి. అదే గీతలోపల ఫారెస్టర్ లాడ్జ్ పెట్టండి, వాడు ముసలి చెట్లు కొడుతూ కొత్తవి నాటుతుంటాడు, మీకు దుంగలు ఆగవు, అడవీ ఆగదు. దాని పక్కనే వేటగాడి గుడిసె, మాంసం, తోలు వస్తది, ఆ తోలుతో టైలర్ కోట్లు కుడతాడు. మూలికలు ఏరేవాడిని కూడా అక్కడే పెట్టొచ్చు, కాకపోతే మూలికలకి ముదురు అడవి కావాలి, గొడ్డలి ఎక్కువ పడేచోట దొరకవు. ఈ నలుగురికీ అక్కడే రెండు మూడు ఇళ్ళు, ఒక బార్న్, ఒక స్టాక్‌పైల్. అంతే, అదొక చిన్న గూడెం లాగా తయారవుద్ది. పొద్దున లేచి ఇంటి గుమ్మం దాటితే పని. ఆ గీతలో మాత్రం ఇంకేం కట్టొద్దు, రోడ్లు కూడా ఎక్కువ వేయొద్దు, ప్రతి గడీ ఒక చెట్టు చోటు. నా రెండో ఊళ్ళో ఆ అడవిలోనే రాళ్ళ క్వారీ తవ్వించా, అది తర్వాత తీసేద్దామంటే తీయడానికి కుదరదు, ఆ గుంట ఆటంతా అట్లానే ఉండిపోద్ది. క్వారీ, గని పెట్టేటప్పుడు పదిసార్లు ఆలోచించండి.

దగ్గర, దూరం అనే మాట ఇందాకట్నుంచి ఎందుకు అంటున్నానంటే, ఈ గేమ్ లో సరుకు గాల్లో ఎగిరి రాదు. ప్రతి దుంగా, ప్రతి బుట్టా ఒక మనిషి మోసుకురావాల్సిందే. మా నాన్న ముప్ఫై ఏళ్ళు మిర్చి యార్డులో కమీషన్ దుకాణంలో గుమాస్తా గా చేశాడు. ఒకరోజు నా వెనక నిలబడి చూసి, నీ గోడౌన్ కాడికి పొలం ఎంత దూరం, నీ హమాలీ రోజంతా నడకలోనే ఉన్నాడు గదరా, ఇంక మోసేదెప్పుడు అన్నాడు. నిజమే, వాడి మీద క్లిక్ చేసి వెంబడి పోతే వాడు పనిచేసే టైమ్ కంటే తినడానికి ఇంటికి, ఇంటి నుంచి పొలానికి, పొలం నుంచి బార్న్ కి నడిచే టైమే ఎక్కువ ఉంది. యార్డులో టిక్కీ, అంటే మిర్చి బస్తా, దించిన చోట నుంచి కాటా దగ్గరికి, అక్కడి నుంచి లారీకి, ఆ తర్వాత కోల్డ్ స్టోరేజీకి, ప్రతి అడుగుకీ కూలీ ఉంటది కాబట్టి ఆయనకి వెంటనే కనపడింది. అప్పట్నుంచి నేను పొలానికో బార్న్ పెడతన్నా. మట్టి రోడ్డుకి సామాను ఏమీ పడదు, అవి వేయండి, నడక వేగం పెరుగుద్ది.

ఇంకొకటి ఎవ్వరూ చెప్పనిది, లిమిట్స్ అని ఒక పెట్టె ఉంటది. కట్టెలు ఇన్ని చాలు, పనిముట్లు ఇన్ని చాలు అని దాంట్లో ఒక అంకె ఉంటది, నిల్వ ఆ అంకెకి రాగానే పనివాళ్ళు ఆపేస్తారు. ఊరు చిన్నగా ఉన్నప్పుడు అది సరిపోద్ది, జనం రెండింతలు అయ్యాక కూడా అదే అంకె ఉంటే చలికాలం మధ్యలో దెబ్బ తింటారు. జనాభా పెరిగినప్పుడల్లా వెళ్ళి అది పెంచుకోండి. పనిముట్లు మరీ ముఖ్యం, అవి విరిగిపోతే మనిషి పని చేస్తనే ఉంటాడు గానీ పని సగం కూడా తెమలదు, తిండి ఎందుకు తగ్గిందో మీకు అర్థం కాదు. కమ్మరిని మొదటి రెండేళ్ళలోనే పెట్టేయండి, దుంగలు ఇనుము ఉంటే చాలు వాడు చేసుకుంటాడు, తర్వాత బొగ్గు దొరికితే ఉక్కువి చేస్తాడు, అవి ఎక్కువకాలం మన్నుతయ్.

ఇప్పుడు ఇళ్ళ సంగతి. ఇల్లు కట్టి చూడు పెళ్ళి చేసి చూడు అని మనవాళ్ళు అన్నది ఈ గేమ్ చూసి అన్నారా అనిపించుద్ది, ఎందుకంటే ఇక్కడ ఇల్లు కడితేనే పెళ్ళి. ఖాళీ ఇల్లు లేకపోతే ఎదిగిన పిల్లలు అమ్మానాన్నల దగ్గరే ఉండిపోతారు, కొత్త సంసారం మొదలవదు, పిల్లలు పుట్టరు. దీని వల్ల రెండు వైపులా ప్రమాదం ఉంది. ఎక్కువ కడితే నా మొదటి ఊరు లాగా తిండి చాలదు. నా మూడో ఊళ్ళో భయపడి అసలు కట్టడమే మానేశా, తిండి పుష్కలంగా ఉంది, కట్టెలు కొండంత ఉన్నయ్, హాయిగా ఉంది అనుకున్నా. గేమ్ లో ఒక ఏడాది గడిస్తే మనుషులకి దాదాపు అయిదేళ్ళు వయసు పెరుగుద్ది. పది పన్నెండు ఏళ్ళు తిరిగేసరికి ఊరంతా ముసలివాళ్ళే, వెనక పిల్లలు లేరు, రెండు చలికాలాల్లో వరసగా అందరూ పోయారు. నిండా తిండి ఉన్న బార్న్ లు, తినేవాళ్ళు లేరు. ఆకలితో పోయిన ఊరి కంటే అది చూడటం ఇంకా కష్టంగా అనిపించింది, ఈ మధ్య మా ఊళ్ళో తాళాలేసిన ఇళ్ళు గుర్తొచ్చినయ్.

అందుకని ఏడాదికి ఒకటో రెండో, అంతే. కట్టేముందు రెండు చూడండి, గడిచిన ఏడాది తిండి ఎంత వచ్చింది, ఎంత పోయింది, పెళ్ళి వయసు వాళ్ళు ఎంతమంది ఉన్నారు. టౌన్ హాల్ కట్టుకుంటే ఈ లెక్కలన్నీ గ్రాఫ్ ల్లో కనపడతయ్. అది కట్టాక దేశదిమ్మరులు గుంపుగా వచ్చి ఊళ్ళో ఉంటామని అడుగుతుంటారు, మొదట్లో కాదనండి, ఒకేసారి అంత మందికి తిండి పెట్టలేరు, జబ్బులు కూడా మోసుకురావొచ్చు.

బడి ఎప్పుడు కట్టాలి అనేది కూడా అడుగుతారు. బడి లేకపోతే పిల్లలు పదేళ్ళకే పనిలోకి వెళ్ళిపోతారు, బడి ఉంటే ఇంకొన్నేళ్ళు చదువుకుని గానీ రారు. చేతులు తక్కువున్నప్పుడు అది బరువే. కానీ చదువుకున్న వాడి పని వేరు, చదువు లేనివాడు ఒక దుంగ నుంచి మూడు కట్టెలు తీస్తే చదువుకున్నవాడు నాలుగు తీస్తాడు, ప్రతి పనిలోనూ ఇట్లాగే తేడా ఉంటది. నేనయితే ఊరు 25 మంది దాటగానే కట్టేస్తా. ఆ కొన్నేళ్ళ ఇబ్బంది పడితే పడనీ, మా అమ్మ బంగారం తాకట్టు పెట్టి నన్ను డిగ్రీ చదివించింది, గేమ్ లో కూడా పిల్లల్ని పదేళ్ళకి గనిలోకి పంపడం నా వల్ల కాదు.

వ్యాపారం గురించి రెండు మాటలు. ఏరు ఒడ్డున ట్రేడింగ్ పోస్ట్ కడితే పడవల్లో వ్యాపారులు వస్తారు. డబ్బు లేదు కదా, సరుకుకి సరుకే. నాన్నమ్మకి ఇది బాగా నచ్చింది, వాళ్ళ చిన్నప్పుడు ఉల్లిపాయల బండి వస్తే వడ్లు కొలిచి పోసి ఉల్లిపాయలు తీసుకునేవాళ్ళంట. మీ దగ్గర లేని విత్తనాలు, గొర్రెలు, కోళ్ళు, ఆవులు అన్నీ ఇట్లా పడవ మీదే రావాలి. ఇక్కడ కిటుకు కట్టెలు. దుంగ విలువ 2 అయితే కట్టె విలువ 4, ఒక దుంగ చీలిస్తే నాలుగు కట్టెలు, అంటే 2 పెట్టి 16 తీస్తన్నారు. ఇద్దరు వుడ్‌కట్టర్లని ఉత్త వ్యాపారానికే పెట్టండి. కాకపోతే మీ ఊరి చలికాలానికి సరిపడా పక్కన పెట్టాకే పడవకి ఎక్కించాలి, ఇదొక్కటి మర్చిపోతే మళ్ళీ నా మొదటి ఊరే.

నచ్చనివి కూడా చెప్పాలి. అక్షరాలు బాగా చిన్నవి, 14 అంగుళాల స్క్రీన్ మీద చిన్న చిన్న కిటికీలు ఒకదాని మీద ఒకటి తెరుచుకుని ఊరు కనపడదు. తెలుగు లేదు, ఇంగ్లీష్ కష్టమైన వాళ్ళకి మొదట్లో ఎవరో ఒకరు పక్కన ఉండి చెప్పాలి. ఇంకా పెద్ద లోటు ఏంటంటే ఊరు 200 మంది దాటాక, అన్నీ సర్దుకున్నాక, ఇంక చేయడానికి కొత్తది ఏమీ ఉండదు. మొదటి పదేళ్ళు ఉన్న ఆ బిగువు తర్వాత ఉండదు. మోడ్స్, అంటే ఆడేవాళ్ళే తయారుచేసి గేమ్ కి జత చేసేవి, ఉన్నయ్, వాటిలో కలోనియల్ చార్టర్ అనేది పెద్దది, కొత్త బిల్డింగులు, కొత్త సరుకులు చాలా వస్తయ్, కానీ అసలు గేమ్ లో ఒక ఊరు నిలబెట్టాకే దాని జోలికి పోండి. మీ దగ్గర మంచి కంప్యూటర్ ఉంటే 2024 లో వచ్చిన మేనర్ లార్డ్స్ అనే ఊరు కట్టే గేమ్ లో బొమ్మలు చాలా అందంగా ఉంటయ్, నేను మా ఫ్రెండ్ ఇంట్లో పటమటలో చూశా, కానీ నా లాప్‌టాప్ లో అది నడవదు, నాకు బ్యానిష్డ్ లో ఉన్న ఆ పొదుపు లెక్కే ఎక్కువ ఇష్టం.

కొనాలా వద్దా అంటే, పరుగులు, కాల్పులు కావాలనుకునే వాళ్ళు వద్దు. రాత్రి అన్నం తిన్నాక గంట సేపు నెమ్మదిగా ఏదో ఒకటి చక్కబెట్టుకుంటా కూర్చోవాలనుకునే వాళ్ళు కళ్ళు మూసుకుని కొనండి. స్టీమ్ లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే డబ్బులు వెనక్కి అడగొచ్చు, ఆ రెండు గంటల్లో ఒక చలికాలం దాటించి చూడండి, మీకు నచ్చుద్దో లేదో తెలిసిపోద్ది. నేనయితే అయిదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర కూడా చిన్న అక్షరాలకే తీశా.

నా అయిదో ఊరు ఇప్పుడు 34వ ఏడాదిలో ఉంది, 146 మంది, బార్న్ ల్లో అన్నీ కలిపి 19,000 తిండి ఉంది. బడికి 20 మంది పిల్లలే పడతారు, ఇంకో తొమ్మిది మంది బయట ఉన్నారు, ఇది రాయడం అయిపోయింది కాబట్టి ఇప్పుడు వెళ్ళి ఏరు ఇవతల రెండో బడి మొదలుపెట్టాలి, మంచు పడేలోపు గోడలు లేవాలి.